ఊరూ పేరూ లేని హెడ్డింగ్: ఒక కేస్ స్టడీ

‘భారీ వర్షాలు.. రేపు స్కూళ్లకు సెలవు’. ఈ హెడ్డింగ్‌లో ఒక్క అబద్ధం కూడా లేదు, కావాలంటే మళ్లీ చదవండి. వర్షాలు నిజం, సెలవు నిజం, రేపు అన్నదీ నిజమే. అయినా మర్నాడు పొద్దున నెల్లూరులో ఒక ఆటో డ్రైవర్ ఆరుగురు పిల్లల్ని బడికి తీసుకెళ్లకుండా ఇంట్లో ఉండిపోయాడు, ఆ ఆరుగురిలో ఒకమ్మాయికి లెక్కల పరీక్ష పోయింది. ఆ హెడ్డింగ్ పెట్టింది నేను. కొత్తగా చేరిన ట్రైనీ కాదు, పదిహేడేళ్లుగా వార్తా సంస్థలో హెడ్డింగులు పెట్టే డెస్క్ మీద కూర్చుంటున్న నేనే.

తప్పుదోవ పట్టించే హెడ్డింగుల గురించి మాట్లాడమంటే మనవాళ్లు వెంటనే ‘షాకింగ్’, ‘బిగ్ ట్విస్ట్’, ‘వామ్మో ఇదేందిది’ లాంటివి తీసుకొస్తారు. వాటి మీద నాకు పెద్ద కోపం లేదు. సంతలో కేకల్లాంటివి అవి, అరిచేవాడికీ తెలుసు, వినేవాడికీ తెలుసు. ‘ఈ ఫొటోలో ఉన్న పాప ఇప్పుడు స్టార్ హీరోయిన్.. గుర్తుపట్టారా?’ అన్న హెడ్డింగ్ వల్ల ఎవరికీ బస్సు తప్పలేదు, పరీక్ష పోలేదు. నొక్కితే ఫొటోలు, నొక్కకపోతే ఏమీ లేదు. నాకు భయం పుట్టించేవి పద్ధతిగా, మర్యాదగా, వార్తలాగే కనబడే హెడ్డింగులు. అందుకే ఈ కేసు రాస్తున్నాను. మా సంస్థ పేరు రాయను, దాని వల్ల ఉపయోగం లేదు, ఎందుకంటే ఇలాంటిది ఏ తెలుగు డెస్క్‌లోనైనా రేపే జరగొచ్చు.

ఆ రాత్రి

నవంబరు నెల. తెలంగాణలో అప్పటికి వానలు సర్దుకుని చలి మొదలవుతుంది కానీ, చెన్నై, తిరుపతి, నెల్లూరు వైపు అసలు వానాకాలం అప్పుడే, ఈశాన్య రుతుపవనాలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా అటువైపే కురుస్తాయి. చెన్నైలో మబ్బు పడితే నెల్లూరులో గొడుగు తీస్తారు. ఈ సంగతి మనసులో పెట్టుకోండి, తర్వాత అవసరం పడుతుంది.

రాత్రి ఎనిమిది దాటాక వార్తా ఏజెన్సీ నుంచి కాపీ, అంటే వార్త వచ్చింది. చెన్నై, తిరువళ్లూరు, కాంచీపురం, చెంగల్పట్టు జిల్లాల్లో భారీ వర్షాల వల్ల మర్నాడు విద్యాసంస్థలకు సెలవు ప్రకటించారని. మూడు పేరాల చిన్న కాపీ. నైట్ షిఫ్ట్‌లో ఉన్నమ్మాయి, చేరి ఆరు నెలలయి ఉంటుంది, దాన్ని తెలుగు చేసి పెట్టిన మొదటి హెడ్డింగ్ ఇది: ‘తమిళనాడులో భారీ వర్షాలు.. చెన్నై సహా నాలుగు జిల్లాల్లో రేపు స్కూళ్లకు సెలవు’. చూడ్డానికి ముద్దగా ఉంది గానీ శుభ్రమైన హెడ్డింగ్. దానికి వంక పెట్టడానికేం లేదు.

కానీ సీఎంఎస్‌లో, అంటే సైట్‌లో వార్తలు ఎక్కించే సాఫ్ట్‌వేర్‌లో, టైటిల్ బాక్స్ ఎర్రబడింది. నిడివి ఎక్కువైందని. ఆ అమ్మాయి ‘తమిళనాడులో’, ‘చెన్నై సహా’ తీసేసింది: ‘భారీ వర్షాలు.. నాలుగు జిల్లాల్లో రేపు స్కూళ్లకు సెలవు’. అప్పుడే నేను వెనక నుంచి వచ్చి, దీన్ని పుష్ కొడదాం, పుష్‌లో ఇంత పట్టదు, ఇంకా చిన్నది చెయ్యమ్మా అన్నాను (పుష్ అంటే పాఠకుల ఫోన్లకి పంపే నోటిఫికేషన్). ఆమె ఒక్క క్షణం ఆగింది. ‘సార్, ఏ జిల్లాలో చెప్పట్లేదు కదా’ అంది. నేనేమన్నానో నాకు బాగా గుర్తుంది. ‘లోపల ఉందిగా’ అన్నాను. అని, నేనే కీబోర్డ్ మీదకి వంగి ‘నాలుగు జిల్లాల్లో’ తీసేశాను.

మా వృత్తిలో ఈ ‘లోపల ఉందిగా’ అన్నంత ప్రమాదకరమైన మాట ఇంకోటి లేదు. లోపలికి వచ్చేవాళ్లెంతమంది? 2016లో కొలంబియా యూనివర్సిటీ, ఫ్రాన్స్‌కు చెందిన పరిశోధకులు కలిసి ట్విట్టర్‌లో షేరయిన లింకుల్ని లెక్కగడితే 59 శాతం లింకుల్ని ఒక్కరు కూడా నొక్కలేదని తేలింది. అంటే పంచుకున్నారు, తెరవలేదు. నోటిఫికేషన్ల సంగతి దీనికన్నా మెరుగ్గా ఉంటుందని అనుకోవడానికి నాకైతే కారణం కనబడదు, నేనే రోజుకు వందల నోటిఫికేషన్లు వేలితో పక్కకి తోసేస్తుంటాను.

ఇక ఫొటో. కాపీతో ఫొటో రాలేదు. లైబ్రరీలో ‘వర్షం స్కూల్’ అని వెతికితే యూనిఫాంలో పిల్లలు గొడుగు కింద నడుస్తున్న పాత ఫొటో దొరికింది. అది హైదరాబాద్‌లో తీసింది. వెనకాల సిటీ ఆర్డినరీ బస్సు కూడా ఉంది, దాని ముందు తెలుగులో రాసిన బోర్డు చదవగలిగేంత స్పష్టంగా. చెన్నై వార్త మీద తెలుగు బోర్డున్న బస్సు. ఆ రాత్రి ఇంకెవరూ చూడలేదు. నేను చూశాను గానీ పట్టించుకోలేదు, రెంటికీ తేడా ఉంది.

9.40కి పుష్ వెళ్లింది. పది దాటేసరికి రియల్‌టైమ్‌లో, అంటే ఏ స్టోరీని ఎంతమంది చదువుతున్నారో అప్పటికప్పుడు చూపించే జాబితాలో, మొదటి స్థానంలో ఆ స్టోరీ. ఆఫీసు గ్రూపులో పైవాళ్లు చప్పట్ల ఎమోజీలు పెట్టారు. నేను ఆనందంగా ఇంటికెళ్లాను, అబద్ధమెందుకు.

పొద్దున ఫోన్

సైట్ అడుగున ఉన్న ల్యాండ్‌లైన్ నంబరుకి ఎవరూ ఫోన్ చేయరు. ఆ రోజు పొద్దున తొమ్మిదింపావుకి వచ్చిన కాల్‌ని రిసెప్షన్ వాళ్లు ఎవరికివ్వాలో తెలియక తిప్పి తిప్పి చివరికి నా సెల్‌కి కలిపారు.

‘ఏంది సార్ ఇది, సెలవని ఏసినారు, ఈడ బడి బెల్లు కొట్టేసి గంటయింది.’

ఆటో డ్రైవర్. రాత్రి స్టాండులో ఉండగా ఫోన్ మోగిందట, హెడ్డింగ్ చూశాడు, బయట వాన పడుతూనే ఉంది, నమ్మకపోవడానికి కారణమేముంది? ఆరిళ్లకీ ఫోన్ చేసి రేపు రానని చెప్పేశాడు. ఇద్దరు తల్లిదండ్రులు స్కూల్ గ్రూపులో మెసేజ్ రాలేదే అన్నారట, ‘వార్తల్లో వచ్చిందమ్మా’ అని ఈయనే సర్దిచెప్పాడు. పొద్దున ఎనిమిదిన్నరకి ఒక తండ్రికి స్కూల్ నుంచి ఫోన్, మీ అమ్మాయి పరీక్షకి రాలేదేంటని. ఆ తండ్రి ఈయన మీద పడ్డాడు. ఈయన మా మీద.

నేను వెంటనే నా వాదన మొదలుపెట్టాను. లోపల చదివితే చెన్నై అని క్లియర్‌గా ఉందండీ అన్నాను. అప్పుడాయన అన్న మాట నేను తెల్లకాగితం మీద రాసి మానిటర్‌కి అంటించుకున్నాను, ఇప్పటికీ ఉంది: ‘ఆటో తోలేవోడు పైన రాసింది చూస్తాడా, లోపలికి పోయి చదువుతాడా సార్? పైన రాసింది నిజమే గదా అనుకుంటాం గదా.’

తర్వాత ఆయన అడిగిన ప్రశ్నకి మాత్రం నా దగ్గర జవాబు లేదు. ‘నెల్లూరోళ్లకి ఎందుకు పంపినారు సార్ అది?’

కరెక్టే. ఎందుకు పంపాం? మా పుష్ టూల్‌లో జిల్లాలవారీగా పంపే ఆప్షన్ ఉంది. ఎవరూ వాడరు. అందరికీ కొడితే నంబరు పెద్దగా వస్తుంది కాబట్టి.

హెడ్డింగ్‌కి పోస్టుమార్టం

ప్రింట్‌లో పనిచేసిన రోజుల్లో ఇదే హెడ్డింగ్ నేను కనీసం వందసార్లు పెట్టి ఉంటాను. ‘నేడు పాఠశాలలకు సెలవు’. రెండు ముక్కలు, సింగిల్ కాలమ్, జిల్లా టాబ్లాయిడ్ రెండో పేజీలో. ఎప్పుడూ ఎవరూ పొరబడలేదు. ఎందుకంటే ఆ పేజీ నెత్తిన జిల్లా పేరుంది, తేదీ ఉంది, వారం ఉంది. నెల్లూరు ఎడిషన్‌లో సెలవంటే నెల్లూరులో సెలవే. ఊరి పేరు హెడ్డింగ్‌లో లేదు కానీ కాగితం మీద ఉంది. మేం వెబ్‌కి వస్తూ హెడ్డింగులు రాసే చేతిని తెచ్చుకున్నాం గానీ ఆ కాగితాన్ని తెచ్చుకోలేదు. ఇక్కడ హెడ్డింగ్ ఒంటరిగా తిరుగుతుంది. నోటిఫికేషన్‌లో ఒకచోట, ఫోన్‌లో గూగుల్ చూపించే వార్తల వరస డిస్కవర్‌లో ఒకచోట, వాట్సాప్ గ్రూపులో ఇంకోచోట, దాని వెంట ఊరూ తేదీ చెప్పే డేట్‌లైన్ రాదు, పేజీ నంబరు రాదు.

ఇందులో నేను అసలు ఊహించని మాట ‘రేపు’. జిల్లా పేరు తీసేయడం తప్పని ఎవరైనా చెబుతారు. ‘రేపు’ సంగతి నాకు ఆ తర్వాత వచ్చిన మెయిళ్లు చదివాకే తట్టింది. రాత్రి 9.40కి ‘రేపు’ అంటే ఒక రోజు. అదే నోటిఫికేషన్‌ని పొద్దున ఆరింటికి లేచి చూసినవాడికి ‘రేపు’ అంటే ఇంకో రోజు. ఒకాయన మరీ, ఆ రోజు పిల్లల్ని బడికి పంపి, మర్నాడు మాన్పించాడు. అంటే ఒక్క మాట రెండు వేర్వేరు రోజుల్ని పాడుచేసింది. కాగితంలో ‘నేడు’ అని రాసేవాళ్లం ఎందుకంటే పేపర్ పొద్దునే చదువుతారని మాకు తెలుసు. ఫోన్ ఎప్పుడు చూస్తారో దేవుడికి తెలియాలి.

ఇంకోటి, ఇది నెల్లూరు వాళ్లే నమ్మారు, కరీంనగర్ వాళ్లు నమ్మలేదు. కరీంనగర్‌లో ఆ రాత్రి ఆకాశం నిర్మలంగా ఉంది, హెడ్డింగ్ చూసినా ‘ఎక్కడో’ అనుకుని వదిలేస్తారు. నెల్లూరులో కిటికీలోంచి వాన కనబడుతోంది. కాబట్టి ఖాళీగా వదిలేసిన ఊరి పేరుని పాఠకుడు తన ఊరితో నింపుకున్నాడు. నా అనుభవంలో తప్పుదోవ పట్టించే హెడ్డింగ్ పనిచేసేదే ఇలా. మేం ఖాళీ వదులుతాం, అబద్ధం పాఠకుడి చేతే రాయిస్తాం. ఆ తర్వాత ‘మేం అలా రాయలేదే’ అంటాం.

ఫేస్‌బుక్ 2016లో క్లిక్‌బెయిట్ హెడ్డింగుల్ని కిందకి తొయ్యడానికి ఒక పద్ధతి పెట్టినప్పుడు రెండు లక్షణాలు చూసింది, సమాచారం దాచిపెట్టడం, ఉన్నదాన్ని పెంచి చెప్పడం. మరుసటి ఏడాది ఆ రెంటినీ విడివిడిగా లెక్కలోకి తీసుకోవడం మొదలుపెట్టింది. మన దగ్గర మొదటిదానికి ఉదాహరణ ‘ఎందుకంటే..?’, రెండోదానికి ‘భారీగా’. మా హెడ్డింగ్‌లో ఆ వాసనలేమీ లేవు. ప్రశ్నార్థకం లేదు, షాక్ లేదు. ‘భారీ’ అన్న మాట ఉంది గానీ అది నిజంగా భారీ వర్షమే. ఏ మెషీన్ పట్టుకుంటుంది దీన్ని? నేనే పట్టుకోవాలి, నేను పట్టుకోలేదు.

సరిచేయబోయి

అసలు కామెడీ ఇక్కడుంది.

ఫోన్ పెట్టేసి ముందు హెడ్డింగ్ మార్చాను, ‘తమిళనాడులో’ చేర్చి. సైట్‌లో మారింది. కానీ వెళ్లిపోయిన పుష్‌ని వెనక్కి పిలిచే మార్గం మా టూల్‌లో లేదు. డిస్కవర్‌లో కొంతసేపు పాత హెడ్డింగే కనబడింది. వాట్సాప్ సంగతి ఇంకా ఘోరం, అక్కడ లింక్ పెట్టినప్పుడు వచ్చే ప్రివ్యూ కార్డు పంపినవాడి ఫోన్‌లో తయారై మెసేజ్‌తో పాటే వెళ్లిపోతుంది, మనం సైట్‌లో ఎన్నిసార్లు మార్చినా అప్పటికే వెళ్లిన కార్డు మారదు. స్క్రీన్‌షాట్ల సంగతి చెప్పక్కర్లేదు. పైగా రాత్రికి రాత్రే వేరే సైట్లవాళ్లు మాది చూసి తిప్పి రాసుకున్నారు, ఒకరు ‘తల్లిదండ్రులకు అలర్ట్’ అని కూడా తగిలించారు. వాళ్లు మమ్మల్ని నమ్మి రాశారు, పాపం.

తర్వాత యూఆర్ఎల్, అంటే ఆ పేజీ లింకు. ‘స్కూల్స్ హాలిడే టుమారో’ అని ఇంగ్లిష్ అక్షరాల్లో ఉంది. దాన్ని మారిస్తే పాత లింకు తెగిపోతుంది, దారి మళ్లించాలి, సెర్చ్‌లో వచ్చిన స్థానం పోతుందేమోనని టెక్ టీమ్ ఒప్పుకోలేదు. సరే వదిలెయ్యండి అన్నాను. ఆ ‘వదిలెయ్యండి’ కూడా నా ఖాతాలోదే.

ఇక సవరణ వార్త. పది గంటలకి కూర్చుని స్వయంగా రాశాను. హెడ్డింగ్: ‘స్కూళ్లకు సెలవు అంటూ ప్రచారం.. నెల్లూరు జిల్లాలో అలాంటిదేమీ లేదు’. పుష్ కొట్టాను. నా ఫోన్‌లోనే మోగింది. చూస్తే, మడతపెట్టి ఉన్న నోటిఫికేషన్‌లో కనబడిన భాగం ఇంతే: ‘స్కూళ్లకు సెలవు అంటూ ప్రచా…’

ఒక్క నిమిషం నవ్వాలో ఏడవాలో తెలియలేదు. తెలుగులో కాదు, లేదు, రాదు అన్నీ చివర కూర్చుంటాయి. ఇంగ్లిష్‌లో హెడ్డింగ్ తెగితే పోయేది వివరాలు, తెలుగులో తెగితే పోయేది అసలు క్రియ, దాంతోపాటు కాదన్న మాట. పైగా తెలుగు అక్షరాలు వెడల్పు, వత్తులు, దీర్ఘాలు కలిసి వరస తొందరగా నిండిపోతుంది. అంటే ఖండించడానికి పంపిన నోటిఫికేషన్ సగం మందికి రెండోసారి ‘స్కూళ్లకు సెలవు’ అనే చెప్పింది. ఇంకొన్ని మెయిళ్లు వచ్చాయి.

ఇంకో సిగ్గుచేటు ఆ ‘ప్రచారం’ అన్న మాటలో ఉంది. ఎవరో గిట్టనివాళ్లు పుకారు పుట్టించినట్టు రాశాను. ఆ ప్రచారం చేసింది మేమే. ఈ విషయం ఆ అమ్మాయే, మొదటి హెడ్డింగ్ రాసిన అమ్మాయే, మెల్లిగా వచ్చి ‘సార్, ప్రచారం అంటే మనదే కదా’ అంది. మధ్యాహ్నం దాన్ని మార్చి ‘మా పొరపాటు: నిన్నటి సెలవు వార్త తమిళనాడుది’ అని పెట్టాను. ఈసారి ముందు భాగం తెగినా వెనక భాగం తెగినా అర్థం దెబ్బతినలేదు. చూసినవాళ్లు తక్కువ, అది వేరే సంగతి.

చదివాక కూడా హెడ్డింగే మిగులుతుందన్నది నాకు అప్పటిదాకా డెస్క్ మీద పుట్టిన అనుమానం మాత్రమే. తర్వాత వెతికితే 2014లో యూనివర్సిటీ ఆఫ్ వెస్టర్న్ ఆస్ట్రేలియాలో ఉల్రిక్ ఎకర్, స్టీఫన్ లెవాండోస్కీ తదితరులు చేసిన ప్రయోగాలు కనబడ్డాయి. హెడ్డింగ్ కొంచెం పక్కకి లాగితే, లోపల వార్త పూర్తిగా చదివినవాళ్లకి కూడా ఏం గుర్తుంటుంది, దాని నుంచి ఏం అర్థం చేసుకుంటారు అనేది హెడ్డింగ్ వైపే ఒరిగింది. అంటే మా ‘లోపల ఉందిగా’ వాదన లోపలికి వచ్చినవాళ్ల విషయంలో కూడా నిలబడదు.

డెస్క్‌లో మార్చినవి

పెద్ద పాలసీ డాక్యుమెంట్ ఏమీ రాయలేదు, రాసినా ఎవరూ చదవరు. సెలవులు, వానలు, పరీక్షలు, పింఛన్లు, రేషన్ కార్డులు, రైళ్ల రద్దు, ఇలా చదివినవాడు వెంటనే ఏదో ఒక పని చేసే వార్తలన్నిటికీ ఊరు హెడ్డింగ్‌లో మొదటి మాటగా రావాలన్నాం. ‘చెన్నై: 4 జిల్లాల బడులకు సెలవు’. అందంగా లేదు, పత్రిక హెడ్డింగ్‌లా లేదు, పర్లేదు. ‘రేపు’, ‘నేడు’ రెండూ నిషేధం, వారం పేరు రాయాలి. ‘మంగళవారం సెలవు’ అంటే ఎప్పుడు చదివినా మంగళవారమే. కాదన్న మాట ముందుకి తేవాలి. ‘సెలవు లేదు: నెల్లూరులో మంగళవారం బడులు మామూలే’. తెలుగు వాక్యానికి ఇది కొంచెం ఎదురు నడకే, ‘లేదు’ని ముందుకి లాగితే చెవికి గుచ్చుకుంటుంది, కానీ మనం మాట్లాడేటప్పుడు అలాగే అంటాం కదా, ‘లేదమ్మా, బడి ఉంది’ అని.

సెలవు విషయంలో ఇంకో మెలిక ఉంది. వాతావరణ శాఖ ఎల్లో, ఆరెంజ్, రెడ్ అని రంగులిస్తుంది. రెడ్ అలర్ట్ వచ్చిందంటే సెలవు వచ్చినట్టు కాదు, సాధారణంగా వానల సెలవు కలెక్టర్ ప్రకటిస్తారు, ఏ జిల్లాకి ఆ జిల్లా. కానీ మధ్యలో ఉన్న ఆ కొన్ని గంటల్లో అందరూ పెట్టే హెడ్డింగ్ ‘రెడ్ అలర్ట్.. స్కూళ్లకు సెలవు?’. ఆ ప్రశ్నార్థకం పాఠకుడి కోసం కాదు, మమ్మల్ని మేం కాపాడుకోవడానికి. ఇయాన్ బెటరిడ్జ్ అనే బ్రిటిష్ జర్నలిస్టు 2009లో అన్నాడు, ప్రశ్నార్థకంతో ముగిసే ఏ హెడ్డింగ్‌కైనా జవాబు ‘కాదు’ అనొచ్చని. మా దగ్గర దాన్ని ఇంకొంచెం మొరటుగా పెట్టుకున్నాం: నీకు తెలియకపోతే తెలిశాకే పెట్టు. కలెక్టర్ ఉత్తర్వు కళ్లతో చూసేదాకా హెడ్డింగ్‌లో సెలవు అనే మాట రాకూడదు.

పుష్‌కి మాత్రం ఒకే పరీక్ష పెట్టాం. కొట్టేముందు టెస్ట్ ఫోన్‌కి పంపాలి, మడతపెట్టిన స్థితిలో కనబడిన ముక్కని పక్క సీటువాళ్లకి పైకి చదివి వినిపించాలి. వాళ్లు ‘ఎక్కడ?’ అనో ‘ఎప్పుడు?’ అనో అడిగితే అది వెళ్లదు. ఇదేమీ రాకెట్ సైన్స్ కాదు, అరనిమిషం పని. మొదట్లో విసుక్కున్నారు, తర్వాత ఆటలాగా అయింది, పొద్దున్నుంచీ డెస్క్‌లో ‘ఎక్కడ?’ అన్న కేకలే.

నిజానికి ఇవేవీ కొత్తగా కనిపెట్టినవి కాదు. హెడ్డింగ్ కింద ఉన్న మేటర్‌ని ప్రతిబింబించాలి, ఆ మేటర్ హెడ్డింగ్‌ని సమర్థించాలి అని పత్రికల ప్రమాణాలు చూసే ప్రెస్ కౌన్సిల్ నియమావళిలోనే ఉంది, 2021 ఐటీ రూల్స్‌తో డిజిటల్ సైట్లు కూడా ఆ నియమావళి పాటించాలన్నారు. ఫిర్యాదుల అధికారి ఉండాలి, పదిహేను రోజుల్లో తేల్చాలి. మాకూ ఉన్నారు. పరీక్ష పోయిన అమ్మాయి తండ్రి రాసిన మెయిల్‌కి మా జవాబు గడువులోపే వెళ్లింది. ఒక్క రోజు సెలవు గురించిన పొరపాటుకి పదిహేను రోజుల గడువు. జవాబులో ‘విచారిస్తున్నాం’ అని ఉంది, పరీక్ష గురించి ఏమీ లేదు, మేం మాత్రం ఏం రాయగలం.

నంబర్లు, బంగారం

నంబర్లు తగ్గాయా? తగ్గాయి. ముఖ్యంగా వానల స్టోరీలకి, మొదటి వారాల్లో బాగా కనబడింది. మీటింగ్‌లో మా పైనున్నాయన ఒక పరిశోధన పట్టుకొచ్చారు. అప్‌వర్తీ అనే అమెరికన్ సైట్ ఒక్కో స్టోరీకి రకరకాల హెడ్డింగులు పెట్టి ఏది ఎక్కువ నొక్కుతారో పరీక్షించేది, ఆ డేటా మీద 2023లో వచ్చిన అధ్యయనం అది. సగటు నిడివి ఉన్న హెడ్డింగ్‌లో ఒక్కో నెగటివ్ మాట పెరిగినప్పుడు క్లిక్ రేటు 2.3 శాతం పెరిగిందట. ‘చూశారా’ అన్నారాయన. చూశాను సార్, 2.3 శాతమే కదా అన్నాను, మీరు పెట్టమన్న టెన్షన్ హెడ్డింగులకి మనం రెట్టింపు వస్తుందనుకుంటున్నాం. ఆయన నవ్వలేదు. అయితే ఒక విషయం మాకు పనికొచ్చింది, డిస్కవర్‌లో కనబడాలంటే టైటిల్‌లో, ఫొటోలో తప్పుదోవ పట్టించేలా, అతి చేసేలా ఏదీ పెట్టొద్దని గూగుల్ తన మార్గదర్శకాల్లోనే రాసింది. మన ట్రాఫిక్‌లో ఎక్కువ భాగం అక్కడినుంచే కదా సార్ అన్నాను. నీతి చెబితే వినని మీటింగ్ ఈ మాట వింది. వానలు, సెలవులు, పింఛన్ల వరకు మా పద్ధతికి ఒప్పుకున్నారు.

బంగారం దగ్గర మాత్రం ఓడిపోయాను. పొద్దున్నే ధరల స్టోరీ వేస్తాం, తెలుగు సైట్లన్నీ వేస్తాయి. తులం లక్ష దాటిన రోజుల్లో పది రూపాయలు తగ్గితే ‘మహిళలకు గుడ్ న్యూస్.. దిగొచ్చిన బంగారం’. (తులమంటే అసలు 11.66 గ్రాములు, మా హెడ్డింగుల్లో మాత్రం ఎప్పుడూ పది గ్రాములే, అదో చిన్న అబద్ధం, దాని జోలికి వెళ్లట్లేదు.) లక్షలో పది రూపాయలు అంటే పదివేలలో ఒక రూపాయి. షాపుకి వెళ్లే ఆటో చార్జీ కూడా రాదు. హెడ్డింగ్‌లో ‘రూ.10 తగ్గిన బంగారం’ అని అంకె పెడదాం, అంతే, ఇంకేమీ మార్చొద్దు అన్నాను. ఆ అంకె పెడితే ఎవరు నొక్కుతారండీ అన్నారు. అది నిజమే. అంకె పెడితే వార్తే లేదని తెలిసిపోతుంది. చివరికి కుదిరిన ఒప్పందం ఏంటంటే ‘భారీగా’ అన్న మాట వాడకూడదు, ‘గుడ్ న్యూస్’ వాడుకోవచ్చు. ఇప్పటికీ అదే నడుస్తోంది. నేను ఆ స్టోరీ నా షిఫ్ట్‌లో పడకుండా చూసుకుంటాను, ధైర్యం అనరు దాన్ని.

ఆ రాత్రి మొదటి హెడ్డింగ్ రాసిన అమ్మాయి ఇప్పుడు షిఫ్ట్ ఇన్‌చార్జి. ఆమె డెస్క్‌లో ట్రైనీలకి మొదటి రోజు ఇచ్చే పని, పాత హెడ్డింగులు ఇరవై తీసుకుని ఒక్కో మాట కొట్టేస్తూ ఎక్కడ అర్థం తిరగబడుతుందో గుర్తుపెట్టడం. అందులో మొదటి హెడ్డింగ్ నాదే. పేరు చెప్పదు గానీ నావైపు చూసి నవ్వుతుంది.

మొన్న నవంబరులో మళ్లీ అల్పపీడనం. రాత్రి తొమ్మిదింటికి రియల్‌టైమ్ చూస్తుంటే కిందినుంచి ఒక స్టోరీ పైకి పాకుతోంది, ఏడో స్థానం, ఐదు, మూడు. నొక్కాను. ఆ పాత లింకే. జనం ‘స్కూల్స్ హాలిడే టుమారో’ అని వెతుకుతున్నారు, మేం మార్చకుండా వదిలేసిన యూఆర్ఎల్‌లో అదే మాట ఉంది, నేరుగా వచ్చేస్తున్నారు. పైన తేదీతో ఎర్ర పట్టీ వేసి ‘ఇది పాత వార్త, తమిళనాడుది’ అని పెద్దక్షరాల్లో పెట్టి, యూఆర్ఎల్ మార్చమని టెక్ వాళ్లకి మళ్లీ టికెట్ రాశాను. ఇంకా పెండింగ్‌లోనే ఉంది.